పాత మౌంటెన్ సైకిల్ ఫోన్లో కొన్నవాళ్లు ఒకసారి షాపుకు రండి

పోయిన నెల ఒకాయనకు ఫోన్లో ఎత్తు మాత్రమే అడిగి 19.5 అంగుళాల ఫ్రేమ్ అమ్మాను. ఆయన ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. రెండుసార్లు అనంతగిరి వెళ్లొచ్చాక మెడ పట్టేస్తోందని, అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయని సైకిల్ పట్టుకొచ్చారు. సీటు ముందుకు జరిపాం. హ్యాండిల్‌ను ముందుకు పట్టి ఉంచే 110 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 70ది వేశాం. మెడకు కాస్త హాయిగా ఉంది గానీ, చిన్న రాయి తగిలినా హ్యాండిల్ పక్కకు లాగేస్తోందన్నారు. లాగుతుంది మరి. ఆ పాత క్రాస్‌కంట్రీ ఫ్రేములకు ముందు చక్రాన్ని పట్టే ఫోర్క్ నిటారుగా, నేలకు 71 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొడవాటి స్టెమ్‌కి తగ్గట్టు చేసినవి అవి. సైకిల్ వెనక్కి తీసుకుని డబ్బు మొత్తం ఇచ్చేశాను. తప్పు నాదే.

ఫ్రేమ్ మీద రాసే 16, 18, 19.5 అనేవి పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పైఅంచు దాకా ఉన్న పొడవు. కూర్చున్నాక చేతులు ఎంత దూరం చాచాలో ఆ అంకె చెప్పదు. అది తెలియాలంటే హ్యాండిల్ కింది గొట్టం నుంచి సీటు గొట్టం దాకా అడ్డంగా కొలవాలి. రెండు కంపెనీల 18 ఫ్రేములు పక్కపక్కన పెట్టి కొలిస్తే రెండు సెంటీమీటర్ల తేడా కనబడింది. నడుముకు ఆ రెండు సెంటీమీటర్లూ బాగానే తెలుస్తాయి.

అందుకని ఇకపై కొలత లేకుండా పాత సైకిల్ ఇవ్వను. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడండి. లావుపాటి పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పైదాకా గట్టిగా ఆనించి, దాని పైఅంచు నుంచి నేల దాకా టేపు పెట్టించుకోండి. సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య ఉండే పై గొట్టం నేల నుంచి ఉండే ఎత్తు దీనికంటే కనీసం రెండంగుళాలు తక్కువ ఉండాలి. మట్టిదారిలో ఉన్నట్టుండి కాలు దించాల్సి వస్తుంది కదా. చేతుల కొలత మాత్రం షాపులో ఎక్కించే చూస్తాను.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఇవన్నీ 26 అంగుళాల చక్రాలవి. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు దొరుకుతాయి. ఫోర్క్ పోతే మాత్రం కష్టమే. ఇప్పటి మంచి ఫోర్కుల్లో చాలావాటికి ఫ్రేములోకి దూరే గొట్టం కింది వైపు లావుగా ఉంటుంది, ఈ ఫ్రేముల్లో పట్టదు. అందుకే ఫోర్క్ విప్పి, శుభ్రం చేసి, నొక్కి చూపించాకే అమ్ముతున్నాను. సీటు కింద ఉండి ఫ్రేములోకి దిగే కడ్డీ మీద, కనీసం అంతవరకు లోపల ఉండాలని చెప్పే గుర్తు గీత ఉంటుంది. అది బయటికి కనబడేంత పైకి లాగాల్సి వస్తోందంటే ఆ ఫ్రేమ్ మీకు చిన్నది, కొనకండి.

ప్రస్తుతం 16వి రెండు, 18ది ఒకటి ఉన్నాయి. ఈ ఏడాది ఫోన్లో చెప్పి తీసుకెళ్లినవాళ్లు ఏ ఆదివారమైనా సైకిల్‌తో రండి. కొలిచి చూస్తాను. సైజు కుదరకపోతే మార్చి ఇస్తాను, లేదంటే డబ్బు వెనక్కి ఇస్తాను.