కృష్ణమ్మలా చెప్పమను

కృష్ణలంక, విజయవాడ
ఆదివారం

చి.సౌ. బుజ్జమ్మకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ అల్లుడుగారు, పిల్లలు, నువ్వూ కులాసా అని తలుస్తాను. కులాసా అన్న మాట అలవాటు కొద్దీ పడిపోయింది. నా కులాసా సంగతి నీకు తెలియనిదేముంది.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో నువ్వు "ఎలా ఉంది నాన్నా" అంటావు, నేను "బానే ఉందమ్మా" అంటాను, ఇక ఆ మాట అక్కడితో సరి. పైగా నువ్వు మధ్యలో ఏడుపు మొదలెడితే నేను చెప్పాల్సింది మర్చిపోతాను. కాగితమైతే ఏడవదు.

ముందు ఆ చన్నీళ్ల రాత్రి సంగతి. "గొంతు పట్టేసింది, తగ్గిపోయిందిలే" అని నీకు రెండు ముక్కల్లో చెప్పాను. జరిగింది అంత చిన్నది కాదు. మొదటి కీమో మే 27న కదా, రోహిణి కార్తె. రెండు గంటలు బాటిలు ఎక్కించి, రెండు వారాలకి మాత్రలిచ్చి, పొద్దున ఎన్ని రాత్రి ఎన్ని అని చీటీ రాసి పంపేశారు. ఆ రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. ఉక్కకి లేచి, దాహమేసి ఫ్రిజ్‌లో సీసా తీశాను. పట్టుకోవడంతోనే వేళ్లన్నీ జివ్వుమన్నాయి, తెగిన కరెంటు తీగ ముట్టుకున్నట్టు. నిద్రమత్తేమో అనుకుని గుక్కెడు తాగాను. గొంతు బిగుసుకుపోయింది. ఊపిరి ఆడుతూనే ఉంది, కానీ ఆడట్లేదనిపిస్తోంది. అమ్మని పిలుద్దామంటే మాట పెగల్లేదు. చీకట్లో వంటింటి గడప మీద కూలబడి, ఇంతేనా, మంచినీళ్లు తాగి పోవడం రాసిపెట్టుందా నాకు అనుకున్నాను. పది నిమిషాలకి అదే సర్దుకుంది. తెల్లారేదాకా మళ్లీ పడుకోలేదు. నీళ్లు ముట్టుకోలేదు.

మూడు వారాల తర్వాత డాక్టరుగారికి చెబితే నవ్వారు. "ఆక్సాలిప్లాటిన్ కదండీ, ఎక్కించాక కొన్నాళ్లు చల్లనివి పడవు. అందరికీ ఉండేదే" అన్నారు. అందరికీ ఉండేదే అయితే అందరికీ చెప్పేదే కదా! గోరువెచ్చటి నీళ్లు తాగండి, ఫ్రిజ్ ముట్టుకోకండి అని చీటీ వెనక రెండు ముక్కలు రాస్తే పోయేదేముంది? ఆ రాత్రి నేను చావుని చూసొచ్చింది జబ్బు వల్ల కాదమ్మా, ఆ రెండు ముక్కలు లేక.

ఆరోగ్యశ్రీ అప్రూవల్ దగ్గర తిప్పిన తిప్పుడు ఇక్కడ రాయను. (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అనాలట. 2007లో పెట్టినప్పటి పేరే నోటికి అతుక్కుపోయింది.) నాకొచ్చే పింఛనుకి ఆ పథకమే లేకపోతే ఈ వైద్యం మాటే లేదు, అందుకని దాన్నేమీ అనను.

జులై 8 మాత్రం చెప్పాలి. మూడో డోసు రోజు. ఏడున్నరకి రక్తమిచ్చాను. పదకొండింటికి రిపోర్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు 62 వేలున్నాయి, 75 వేలన్నా లేకపోతే ఈ మందు ఎక్కించరు. ఎక్కించకపోవడమే మంచిది, కాదనను. ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం సాయంత్రం నాలుగుంబావుకి. ఈలోగా మూడుసార్లు వెళ్లి అడిగాను. మొదటిసారి "కూర్చోండి, పిలుస్తాం". రెండోసారి "డాక్టరుగారు రౌండ్స్‌లో ఉన్నారు". మూడోసారికి సిస్టర్ మారిపోయింది, నేనెవరో మళ్లీ మొదట్నించీ చెప్పుకోవాల్సి వచ్చింది. అమ్మ కట్టిచ్చిన పెరుగన్నం ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను, తింటుండగా పిలుస్తారేమోనని భయం. పక్కనాయన కైకలూరు నుంచి కోడి కూయక ముందే బయల్దేరి వచ్చాడు. ఆయనా అంతే, డబ్బా మూత తియ్యలేదు. చివరికి ఓ కుర్రాడొచ్చి, "తాతా, నీకివాళ లేదు, వచ్చే మంగళవారం రా" అన్నాడు. ఎందుకు లేదంటే ఫైల్లో ఉంది చూసుకోమన్నాడు.

వాళ్ల కష్టం నాకు తెలీక కాదు. ఆ హాల్లో నలభై కుర్చీలుంటే సిస్టర్లు ఇద్దరు. నేనూ జనంతో పనిచేసినవాణ్ణే కదా. పండిట్ నెహ్రూ బస్టాండులో పదకొండేళ్లు మైకు ముందు కూర్చున్నాను. నీ చిన్నప్పుడు ఓ సంక్రాంతికి నిన్ను కూడా తీసుకెళ్లాను, గుర్తుందా? భోగి ముందు రోజు రాత్రి, ప్లాట్‌ఫారాల మీద కాలు పెట్టే చోటు లేదు. విశాఖ నుంచి రావాల్సిన బండి రాలేదు. హనుమాన్ జంక్షన్ దగ్గర టైరు పోయిందని నాకు కబురొచ్చింది. "ప్రయాణికులకు గమనిక, ఫలానా బస్సు ఇంకో యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, టైరు మారుస్తున్నారు" అని చెప్పాను. జనం ఏం చేశారు? ఉసూరుమన్నారు, నాలుగు తిట్లు తిట్టారు, పెట్టెల మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పారు. పిల్లల్ని ఒళ్లో వేసుకుని పడుకోబెట్టారు. అదే ఇంకో రోజు నాకే కబురు లేక ఊరుకుంటే, పావుగంట ఆలస్యానికే అద్దంలోంచి చెయ్యి పెట్టి నా కాలరు పట్టుకున్నారు. యాభై నిమిషాలకి పట్టుకోని కాలరు పావుగంటకి పట్టుకున్నారు. ఆసుపత్రిలో కాలరు పట్టుకునే ఓపిక మాకెక్కడిది, అందుకే వాళ్లకి తెలియట్లేదు.

ఇక ఈ నెల రేషన్ సంగతి విను, ఇది నీకసలు చెప్పలేదు. బియ్యానికి వెళ్లి మిషన్ మీద బొటనవేలు పెడితే తీసుకోలేదు. తుడిచి పెట్టాను. చూపుడువేలు పెట్టాను. ఎడమ చెయ్యి పెట్టాను. "బాబాయ్, చేతులకేం రాసుకొచ్చావు?" అంటాడు డీలరు. నా వెనక నిలబడ్డ ఒకావిడ నా చెయ్యి లాక్కుని వెలుగులో తిప్పి చూసింది. "ఎర్రగా ఉన్నాయి, పొట్టు రేగుతోంది. కీమో మాత్రలా బాబాయిగారూ? మా వదినకీ ఇంతే, ముద్రలు చెరిగిపోయాయి" అంది. అప్పుడు చూసుకున్నాను. బొటనవేలు నున్నగా, అరగదీసిన పైసాబిళ్లలా ఉంది. ఇన్నేళ్లు టికెట్లు చింపిన వేలు, లాగ్ షీట్ల మీద సిరా అంటిన వేలు, దాని మీద నా గీతలు లేవు.

మీవాడికి ఫోన్ చేస్తే వెతికి చెప్పాడు, కెపెసిటబీన్ అనే ఆ మాత్రలకి అలా అవుతుందట. సింగపూర్ పెద్దాయన ఒకాయన్ని 2008లో అమెరికా విమానాశ్రయంలో వేలిముద్రలు లేవని నాలుగు గంటలు ఆపేశారట, ఆయన డాక్టరు 2009లో దాన్ని వైద్య పత్రికలో రాశాడట. నీకు తెలిసినా నాకు చెప్పొద్దన్నావేమోనని వాణ్ణి అడిగాను, అమ్మకి తెలీదు తాతయ్యా అన్నాడు. సరే. పదిహేనేళ్ల పైచిలుకు క్రితం సింగపూర్‌లో తెలిసిన సంగతి నాకు రేషన్ షాపు క్యూలో తెలియాలా? ఈ మాత్రలు రాసిచ్చిన చోట తెలియకూడదా? బియ్యం మర్నాడు అమ్మ వెళ్లి తెచ్చింది, మోకాళ్ల నొప్పులతో.

2024 సెప్టెంబరు వరద నువ్వు టీవీలో చూశావు. మేం ఇక్కడున్నాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. రెండో తేదీకి 11.43 లక్షలైంది, నా ఎరికలో అంత నీరు లేదు. కానీ గంటగంటకీ అంకె తెలుస్తోంది. ఎంత పెరిగిందో చూసుకుని గ్యాసుబండ, బియ్యం బస్తా, నీ పెళ్లి ఆల్బం మేడ మీదికి ఎక్కించాం. కృష్ణ ఒడ్డున కట్టిన గోడ కాపాడింది, అది వేరే మాట. భయం లేదా అంటే ఉంది, చేతినిండా పనీ ఉంది. అదే సింగ్‌నగర్లో మీ పిన్నివాళ్లు ఆదివారం పొద్దున లేచి కాలు కింద పెడితే నీళ్లు. కృష్ణమ్మ చెప్పి వచ్చింది, బుడమేరు వాగు చెప్పకుండా వచ్చింది. పిన్ని ఇప్పటికీ వాన పడితే మంచం దిగేముందు కాలితో తడిమి చూసుకుంటుంది. నేను ఫోన్ మోగినప్పుడల్లా అలాగే తడుముకుంటున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాద్దామనే కూర్చుని ఇంతసేపూ అటూ ఇటూ తిరిగాను.

మార్చిలో పేగు లోపల చూసి ముక్క తీసి పరీక్షకి పంపారు కదా. "రిపోర్టు రాగానే ఫోన్ చేస్తాం" అన్నారు. పందొమ్మిది రోజులు చూశాను. ఫోను పక్కన పెట్టుకుని స్నానం చేశాను. ఆ పందొమ్మిది రోజులూ ఆసుపత్రిని నేను తిట్టని తిట్టు లేదు, పాలవాడి దగ్గర్నుంచి మీ బాబాయి దాకా అందరికీ చెప్పుకున్నాను. మొన్న మంగళవారం స్కానింగ్‌కి పాత ఫైలు తెమ్మంటే తీసుకెళ్లాను. అక్కడ కూర్చుని ఏం తోచక తిరగేశాను. మార్చి 12 తేదీ వేసి, రిపోర్టు అందింది, కూతురికి ఫోన్లో చెప్పాం, పేషెంటుకి చెప్పవద్దని కుటుంబం కోరింది అని ఇంగ్లీషులో రాసి కింద గీత గీశారు. ఆర్టీసీ సర్క్యులర్లు చదివిన ఇంగ్లీషు నాది, ఆ మాత్రం అర్థమవుతుంది. పందొమ్మిదిలో తొమ్మిది రోజులు వాళ్లవి. మిగతా పది నీవి.

సెలవు దొరికి నువ్వొచ్చేదాకా ఆపావు. వచ్చాక కూడా "చిన్న గడ్డ నాన్నా, తీసేస్తారు" అన్నావు. స్టేజి మూడని నాకు చెప్పింది ఎవరనుకున్నావు? కీమో హాల్లో నా పక్క కుర్చీలో ఆటో డ్రైవరు. "నాది రెండన్నా, నీదెంత?" అనడిగాడు. నాకు తెలీదంటే నా ఫైలు తనే తీసి చూసి చెప్పాడు.

కోపం లేదని రాస్తే అబద్ధం. వచ్చింది. ఓ పూట అన్నం తినలేదు. తర్వాత మీ నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి జబ్బు చేసినప్పుడు డాక్టరు చేతులు పట్టుకుని, మా అమ్మకి చెప్పకండి బాబూ అని బతిమాలినవాణ్ణి నేనే. అల్సరు అని చెప్పాను. చూడ్డానికి తెనాలి నుంచి, బాపట్ల నుంచి చుట్టాలు దిగుతున్నారు. ఓ సాయంత్రం నేను కాళ్లు పడుతుంటే, "ఒరే, అల్సరుకి ఇంతమంది వస్తార్రా?" అంది. నేను మాట మార్చాను. ఆవిడ మళ్లీ అడగలేదు. ఎవరికేం చెప్పాలనుకుందో, పుట్టింటి పొలం గొడవలో అన్నదమ్ములతో ఏం తేల్చుకోవాలనుకుందో, అన్నీ ఆవిడతోనే పోయాయి. నువ్వు చేసింది ఎక్కడ నేర్చుకున్నావో నాకు తెలుసు.

గురువారం స్కానింగ్ రిపోర్టు చూపించాలి. స్కాన్ తీసిన కుర్రాడు నోరు జారాడు, లివర్లో ఏదో చిన్న మచ్చలా ఉంది, డాక్టరుగారు చెబుతారులెండి అన్నాడు. అది ఏమీ కాకపోవచ్చు, ఏదైనా కావచ్చు. ఆ సంగతి నేను నీకు ముందే చెబుతున్నాను చూడు, దాచలేదు. గదిలో నువ్వు నా పక్కన కూర్చో. డాక్టరుగారు నీ వైపు తిరిగి ఇంగ్లీషులో మొదలుపెడితే, నాన్నకి తెలుగులో చెప్పండి అను. "నాన్నా, మీరు కాసేపు బయట కూర్చోండి" అనొద్దు. నేను లేవను. ఎనిమిది డోసుల్లో నాలుగయ్యాయి, మిగతా నాలుగూ కావాలా, ఆ మచ్చ ఏంటి, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాను, ఈ తిమ్మిరి తగ్గేదా ఉండిపోయేదా, ఇవన్నీ కేలండరు కాగితం వెనక రాసి పెట్టుకున్నాను. ఆయన దగ్గర నాలుగు నిమిషాలే ఉంటే ఆ నాలుగు నిమిషాల్లోనే చెప్పమను. ఇంకా తెలియకపోతే, తెలియదు, ఫలానా రోజుకి తెలుస్తుంది అని చెప్పమను. అంకె చెప్పమను. సామాను నేను సర్దుకుంటాను.

బుధవారం రాత్రి బస్సుకే రా, తెల్లారేసరికి దిగుతావు. కిటికీ పక్క సీటు తీసుకో, వెనక చక్రం మీద సీటు వద్దు. ఏడున్నరకల్లా టోకెను తీసుకోవాలి. నాకోసం ఐస్‌క్రీములూ అవీ తేకు, బందరు లడ్డు ఇక్కడే కొంటాను పిల్లలకి.

వేళ్లు మండుతుంటే ఆపుకుంటూ మూడు రోజులు రాశాను, అందుకే అక్షరాలు అలా ఉన్నాయి. అమ్మకి మొత్తం చదివి వినిపించాను, మచ్చ సంగతితో సహా. కాసేపు ఏడ్చి, పులుసు పొంగుతోందని లేచి వెళ్లింది.

మీ నాన్న