అవి లంగా కొలతలు కాదు

నరసరావుపేట,
ఫిబ్రవరి 1, 2026.

అమ్మలూ,

సంక్రాంతికి అటక సర్దుతూ నువ్వు కిందికి దించిన ఎల్‌ఐసీ డైరీ గురించి రాస్తున్నాను. ‘ఎడమ, కుడి అని రెండు వరసలేంటమ్మా’ అని అడిగితే నీ చిన్నప్పటి లంగా కొలతలన్నాను. నమ్మినట్టే తలూపావు గానీ డైరీ మాత్రం బ్యాగులో పెట్టుకుని వెళ్ళావు. నిజమే, లంగా కుట్టడానికి రెండు కాళ్ళూ విడివిడిగా ఎవరు కొలుస్తారు?

అవి నీ తొడల, పిక్కల చుట్టుకొలతలు. 2006 నుంచి 2011 దాకా నెలకోసారి, నువ్వు నిద్రపోయాక మిషన్ సొరుగులోని టేపుతో కొలిచి రాసుకున్నవి.

ఐవీఎఫ్‌లో పుట్టావని నీకు పదో తరగతిలోనే చెప్పాను. ఇక్సీ అని కూడా చెప్పాను, ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి. 2002 డిసెంబర్లో మూడు పిండాలు పెడితే నువ్వొక్కదానివే నిలిచావు. మరుసటి నెలే అమెరికాలో ఇలా పుట్టిన పిల్లల గురించి ఒక రిపోర్టు అచ్చయింది. మనకెలా తెలుస్తుంది, ఆసుపత్రిలో ఎవరూ అనలేదు. నీకు మూడేళ్ళప్పుడు, పాఠానికి బొమ్మల కోసం ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళి, ఊరికే ‘ఇక్సీ పిల్లలు’ అని కొట్టాను. బెక్‌విత్-వీడెమన్ సిండ్రోమ్ అన్న పేరు మొదట అక్కడే చదివాను. నాలుక పెద్దదిగా ఉండటం, బొడ్డు దగ్గర హెర్నియా, ఒళ్ళు ఒక పక్క ఎక్కువ పెరగడం, కొందరికి చిన్నతనంలోనే కిడ్నీలో గడ్డ. ఆ అమెరికా రిపోర్టులో, ఆ జబ్బున్న 65 మంది పిల్లల్ని చూస్తే ముగ్గురు ఇలాంటి ట్రీట్‌మెంట్‌తో పుట్టినవాళ్ళట. మామూలుగా అయితే నూటికి ఒకరు కూడా ఉండకూడదు. ఆ డాక్టర్లకు మొత్తం ఏడుగురు దొరికితే అందులో ఐదుగురు ఇక్సీ పిల్లలే.

గంటకి పదిహేను రూపాయలు, రెండు గంటలు కూర్చున్నాను. ఇంటికొచ్చి టార్చి వేసి నీ నాలుక చూశాను. డాక్టరాట అనుకుని నువ్వు నా నాలుక కూడా చూపించమన్నావు.

ఆ జబ్బు ఎలా వస్తుందో నాకు కుట్టుపని వల్లే అర్థమైంది. జన్యువు గుడ్డ అనుకో. ఎక్కడ కత్తిరించాలో ఎక్కడ వదిలేయాలో సుద్దతో గీస్తాం చూడు, జన్యువుల మీద మిథైల్ అనే రసాయనం పెట్టే గుర్తులు అలాంటివి. గుడ్డ అదే, గీత తప్పితే జాకెట్టు చెడుతుంది. పిండం ఏర్పడిన మొదటి రోజుల్లో పాత గీతలు చాలావరకు చెరిగి, ఆ తర్వాత కొత్తవి పడతాయి. కొన్ని జన్యువుల మీద మాత్రం చెరగకూడదు, ఇది అమ్మ ఇచ్చింది, ఇది నాన్న ఇచ్చింది అన్న గుర్తు వాటికి ఉండాలి. పెరుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువుంది, నాన్న వైపు నుంచి వచ్చిందే పనిచేయాలి. పదకొండో క్రోమోజోమ్ మీద ఆ చుట్టుపక్కల గీతలు తప్పితే పెరుగుదల అదుపు తప్పుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నువ్వు నా కడుపులో లేవు. 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్లో, చిన్న డిష్‌లో, ఎవరో తయారుచేసిన ద్రవంలో ఉన్నావు. ఆ ద్రవం ఏమిటో అడుగుదామని తర్వాత ఒకసారి వెళ్ళాను కూడా. పాత రికార్డులు లేవన్నారు.

అసలు ఆ జబ్బు పది, పదమూడు వేల మందిలో ఒకరికి వస్తుంది. ఇటలీలో లెక్కగట్టినట్టు మనలాంటి పిల్లల్లో పదింతలు అనుకున్నా వెయ్యికి ఒకరు. పొద్దున క్లాసులో శాతాలు చెప్పేదాన్ని, రాత్రికి ఆ ఒకరు నువ్వేనని టేపు తీసేదాన్ని.

2008 ఆగస్టు పేజీలో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది చూడు. ఎడమ తొడ అరంగుళం ఎక్కువ వచ్చింది. రెండు రాత్రులు కన్ను మూయలేదు. స్కూలు పనని చెప్పి నిన్ను గుంటూరు తీసుకెళ్ళాను. పిల్లల డాక్టరు గారు నవ్వలేదు, అందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. నీ కాళ్ళు రెండూ చాపించి కొలిస్తే సమానమే. ‘మోకాలు మడిచి పడుకున్నప్పుడు కొలిచావేమోనమ్మా’ అన్నారు. నా తృప్తి కోసం పొట్ట స్కానింగ్ చేయించారు. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి. ఆ జబ్బున్న పిల్లలకి ఏడెనిమిదేళ్ళ దాకా మూడు నెలలకోసారి స్కాన్ చేస్తారట. నీకు ఎనిమిది నిండాకే నేనూ కొలవడం ఆపాను.

ఇదంతా మీ నాన్నకి తెలియదు. ఎందుకు దాచానంటే, గీతలు తప్పడానికి కారణం ఈ ట్రీట్‌మెంటా, లేక ట్రీట్‌మెంట్‌కి వెళ్ళాల్సి వచ్చిన లోపమా అన్నది ఆ చదువుకున్నవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారు. మొదటిదైతే పట్టుబట్టి హైదరాబాద్ తీసుకెళ్ళింది నేను. రెండోదైతే వీర్యకణాల కౌంట్ తక్కువన్న రిపోర్టు మీ నాన్నది. మీ నాయనమ్మ మాటలు అప్పటికే ఆయన చాలా పడ్డారు. ఇంకోటి ఆయన మీద వేయలేకపోయాను.

నువ్వు పుట్టాక వచ్చిన కబుర్లు కొన్ని మంచివి. మెల్‌బోర్న్‌లో, ఐవీఎఫ్ పిల్లలకి పుట్టినప్పుడు మడమ నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కల్నీ, అదే పిల్లలు పెద్దయ్యాక ఇచ్చిన రక్తాన్నీ పోల్చి చూశారు. పుట్టినప్పుడు ఆ గీతల్లో కనబడిన తేడాలు పెద్దయ్యేసరికి చాలావరకు పోయాయని 2019లో రాశారు. ఇలా పుట్టినవాళ్ళకి బీపీ ఎక్కువని స్విట్జర్లాండ్ వాళ్ళు భయపెట్టారు గానీ వాళ్ళు చూసింది కొద్దిమందినే. 2023లో 35 వేలకు పైగా పిల్లల్ని కలిపి చూస్తే బీపీలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయినా ఆఫీసులో హెల్త్ చెకప్ పెడితే ఎగ్గొట్టకు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే ఇక్సీలో పుట్టానని ఒక మాట చెప్పు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రేపు నీ పిల్లల సంగతి అడుగుతావేమో. ఈ గీతలు ప్రతి తరంలోనూ అండంలో, వీర్యకణంలో మళ్ళీ కొత్తగా పడతాయి. మొట్టమొదటి ఐవీఎఫ్ పాప, 1978లో పుట్టిన లూయీ బ్రౌన్, పెద్దయ్యాక ఏ ట్రీట్‌మెంటూ లేకుండానే తల్లయింది.

నాన్నకి చెప్పాలో వద్దో నువ్వే చూడు. నాకైతే ఇన్నేళ్ళ తర్వాత నోరు రావడం లేదు.

డైరీ నీ దగ్గరే ఉండనీ. 2011 తర్వాత పేజీల్లో నిజంగానే బ్లౌజు కొలతలున్నాయి, రమణ పిన్నివి కూడా. ఆవిడ పెళ్ళికి కుట్టమని తొందరపెడుతోంది, ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పంపు.

అమ్మ