కోడింగ్ నేర్చుకోవాలంటే ఫొటోలు తీసేయాలా?

సంపాదకులకు నమస్కారం.

నేను ప్రోగ్రామింగ్ పాఠాలు చెబుతాను. పోయిన వారం క్లాసు అయ్యాక ఒక అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మొబైల్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మధ్యలో ఆగిపోయింది, డిస్క్‌లో చోటు లేదట. "మేడమ్, ఇంట్లోవాళ్ల ఫొటోలు తీసేస్తే సరిపోతుందా?" అని అడిగింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఫొటోల జోలికి వెళ్లొద్దని చెప్పి, ఇద్దరం కూర్చుని ఒక్కో ఫోల్డర్ సైజు చూశాం. డిస్క్ మొత్తం 128 జీబీ. ఫొటోలన్నీ కలిపినా 3 జీబీ లేవు. పేరు చుక్కతో మొదలయ్యే ఒక ఫోల్డర్, ఆమె ఎప్పుడూ తెరిచి చూడనిది, అదొక్కటే 9 జీబీ ఉంది. అందులో ఒకే బిల్డ్ టూల్ (కోడ్‌ను యాప్‌గా కూర్చేది) నాలుగు వెర్షన్లు, వాటి కాష్‌లు, అంటే మళ్లీ వాడుకోవడానికి దాచుకున్న ఫైళ్లు. కొత్తది వచ్చినా పాతవి పోలేదు. ఆమె రాసిన ప్రోగ్రామ్ మాత్రం 40 లైన్లు.

1980లలో ప్రోగ్రాములు రాయడానికి వచ్చిన టర్బో పాస్కల్ 3.02 అనే సాఫ్ట్‌వేర్ ఫైల్ 39,731 బైట్లు. కోడ్ రాసే ఎడిటర్, దాన్ని కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే కంపైలర్ రెండూ అందులోనే. ఇవాళ అదే పనికి వాడే విజువల్ స్టూడియో మామూలు ఇన్‌స్టాలేషన్‌కే 20 నుంచి 50 జీబీ కావాలని మైక్రోసాఫ్టే రాసింది. ఆ రోజులకు తిరిగి వెళ్దామని నేను అనను. తప్పును టైప్ చేస్తుండగానే చూపించే ఎడిటర్ నా విద్యార్థులకు ఎంత మేలు చేస్తోందో రోజూ చూస్తున్నాను. కంప్యూటర్‌లోనే ఫోన్‌లా పనిచేసే ఎమ్యులేటర్‌లో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం ఉంటుంది కాబట్టి దానికి చోటు పట్టడం న్యాయమే.

కానీ ఒకే లైబ్రరీని (ముందే రాసిపెట్టిన, ఎవరైనా వాడుకునే కోడ్) ప్రతి ప్రాజెక్టులో మళ్లీ మళ్లీ కాపీ చేయడం ఎందుకు? జావాస్క్రిప్ట్‌లో పీఎన్‌పీఎం అనే టూల్ ఒక్క కాపీ ఉంచి, మిగతా ప్రాజెక్టులకు లింకులు ఇస్తుంది. వెబ్ టెక్నాలజీతో డెస్క్‌టాప్ యాప్‌లు తయారుచేసే ఎలక్ట్రాన్‌తో కట్టిన ఎడిటర్ అయితే తన వెంట క్రోమియం బ్రౌజర్‌ను తెచ్చుకుంటుంది. అలాంటి యాప్‌లు మూడు వేసుకుంటే మూడు బ్రౌజర్లు వేసుకున్నట్టే.

టూల్స్ తయారుచేసేవాళ్లను నేను కోరేది పెద్దదేం కాదు. డౌన్‌లోడ్ సైజుతో పాటు, ఏడాది వాడాక ఎంత చోటు పడుతుందో కూడా చెప్పండి. పాత వెర్షన్లు తీసేసే బటన్ కనిపించేచోట పెట్టండి. తోటి అధ్యాపకులకు కూడా ఒక మాట: మొదటి నెలంతా ఒక చిన్న కంపైలర్, మామూలు టెక్స్ట్ ఎడిటర్ చాలు. పెద్ద సాఫ్ట్‌వేర్ అవసరమైనప్పుడే వేయించండి.

ఆ అమ్మాయి ఫొటోలు అలాగే ఉన్నాయి. పాత వెర్షన్లు మూడూ తీసేశాక అప్‌డేట్ పూర్తయింది. డిస్క్‌లో ఇంకా మిగిలింది 2 జీబీ.

ఇట్లు,
ఒక ప్రోగ్రామింగ్ అధ్యాపకురాలు