మండువా ముందు బోర్డు పెట్టించండి

సంపాదకుల వారికి,

కల్తీ కల్లు వార్త వచ్చినప్పుడల్లా "మండువాలన్నీ (కల్లు దుకాణాలన్నీ) మూసేయాలి" అనే మాట మళ్లీ వినబడుతుంది. నేను ఆర్టీసీలో కండక్టరుగా పని చేసి రిటైరైనవాణ్ణి. కల్లు తాగేవాణ్ణి కూడా. అందుకే ఈ ఉత్తరం.

మా డిపో పాత మిత్రులం అప్పుడప్పుడు నకిరేకల్ దగ్గర ఒక తాటివనంలో కలిసి మధ్యాహ్న భోజనం చేస్తాం. కల్లు గీసే గౌడన్న మోకు, ముస్తాదు వేసుకుని మా కళ్ల ముందే చెట్టెక్కి లొట్టి (కల్లుకుండ) దింపుతాడు. తాటాకు రేకలు మడిచి ఇస్తాడు. రెండు చేతులా రేక పట్టుకుని కూర్చుంటే పైనుంచి వంపుతాడు. ఆయన భార్య బొబ్బర్ల గుడాలకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెడుతుంది. జొన్నరొట్టెలు, బోటి కూర మావే, వంతులవారీగా ఇళ్ల నుంచి తెస్తాం. (బోటి శుభ్రం చేయడం రాని ఇంటికి వంతు ఇవ్వం.) మాలో ఒకాయనకు షుగరు. రెండో రేక దగ్గర ఆగకపోతే ఇంటికి ఫోను చేస్తామని బెదిరిస్తాం. పొద్దు వాలితే కల్లు పులిసిపోతుంది, ఇక గౌడన్నే పోయడు.

అసలు కల్లు గుణమే అది. దించినప్పటి నుంచీ పులుస్తూనే ఉంటుంది. చెట్టు కూడా ఏడాది పొడవునా ఒకేలా పారదు. మరి చుట్టుపక్కల ఒక్క చెట్టూ కనబడని పట్నం దుకాణంలో పన్నెండు నెలలూ, రాత్రి దాకా ఒకే మత్తుతో సీసాలు ఎలా వస్తున్నాయి? అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపితే వస్తాయి. వాటికి అలవాటు పడ్డవారికి ఆ కల్లు ఒక్కసారిగా దొరకకపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది. 2015లో మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో అలాంటివారు ఆసుపత్రులకు బారులు కట్టారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. మండువాలు మూస్తే ఈ మత్తుమందుల వాడకం ఆగుతుందా? గుట్టుగా సాగుతుంది. చెట్టెక్కి బతికేవాడు మాత్రం రోడ్డున పడతాడు.

నా ఉద్యోగంలో ఇచ్చిన టిక్కెట్లకూ సంచిలోని డబ్బుకూ లెక్క కుదరకపోతే తనిఖీవాళ్లు బస్సు ఆపి మరీ నిలదీసేవారు. కల్లు దగ్గర ఆ లెక్క ఎందుకు అడగరు? ఏ గీత కార్మికుల సొసైటీకి ఎన్ని చెట్లున్నాయో ఆబ్కారీ శాఖకు తెలుసు. ఎన్ని సీసాలు అమ్ముతున్నారో దుకాణం ముందు అరగంట నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

నేను కోరేది చిన్న పని. ప్రతి మండువా ముందు ఒక బోర్డు ఉండాలి. గీసే చెట్ల సంఖ్య, చివరిసారి నమూనా తీసిన తేదీ, పరీక్షలో ఏం తేలిందీ దాని మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. ఫలితం రాని దుకాణానికి "ఫలితం రాలేదు" అనే రాయండి, తాగాలో వద్దో మేమే తేల్చుకుంటాం.

మా గౌడన్నను అడిగే ఇది రాస్తున్నాను. మొదటి నమూనా తన లొట్టి నుంచే తీసుకోమన్నాడు. ఆదివారం మాత్రం వద్దన్నాడు, ఆ రోజు అధికారులకు పోయడానికి కల్లు మిగలదట.

– ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టర్, నకిరేకల్, నల్లగొండ జిల్లా