అక్కకి క్యాన్సర్ కాదురా!

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరాలకి జవాబు రాయలేదని కోప్పడకు. ఇంట్లో అందరం బాగున్నాం, చిన్నాడు ఇంటర్‌లో చేరాడు, గాజువాక స్థలం గొడవ ఇంకా తేలలేదు. అవన్నీ తర్వాత. అక్కకి క్యాన్సర్ కాదురా!

నీకు అసలు మొదలే తెలియదు కదా. సంక్రాంతి ముందు నీళ్ల బకెట్ ఎత్తబోతే అక్క భుజం కింద ఎముక పుటుక్కున విరిగింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. ఎక్స్‌రేలో చూస్తే చేతిలో, తొడలో, దవడలో కూడా ఎముక గుల్లలు గుల్లలుగా ఉంది. ఎక్కడినుంచో పాకిన క్యాన్సర్ కావచ్చన్నారు. బావ ఆ రిపోర్టు పట్టుకుని బీచ్ రోడ్డులో కూర్చుండిపోయాడు, ఫోన్ ఎత్తడు. అక్కేమో "పిల్లదాని పెళ్లి ముందుకు జరపండి" అంటుంది. ఆ వారం ఎలా గడిచిందో...

హార్మోన్ల విభాగంలో చదువుకుంటున్న ఓ కుర్ర డాక్టరమ్మ ఫైలంతా తిరగేసి, "కిడ్నీలో రాళ్లు వచ్చాయా?" అని అడిగింది. పదే పదే వచ్చాయి! రాళ్లు తీసినవాళ్లెవరూ రక్తంలో కాల్షియం చూడలేదు. చూస్తే 13.6. మామూలుగా 10.5 దాటకూడదట.

మెడలో థైరాయిడ్ వెనక బియ్యపు గింజంతేసి గ్రంథులు నాలుగుంటాయిరా, పారాథైరాయిడ్లు. రక్తంలో కాల్షియం తగ్గితే ఎముకల్లోంచి తీయించి సర్దడం వాటి పని. అక్కకి అందులో ఒకటి గడ్డగా పెరిగి, ఆపకుండా హార్మోన్ వదులుతోంది. ఎముకలు గుల్లబారాయి, పోగైన కాల్షియం కిడ్నీలో రాళ్లయింది. ఆ నీరసం, మలబద్ధకం, ఊరికే దిగులు పడడం, అందరూ వయసు అన్నారే, అవీ దానివే. ఎముకల్లోని ఆ గుల్లల్ని బ్రౌన్ ట్యూమర్లంటారు. క్యాన్సర్ కాదు గానీ, ముక్క తీసి మైక్రోస్కోపులో చూసినా ఎముక ట్యూమర్‌లాగే కనిపిస్తాయట.

1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ అనే సర్జన్, ఇదే జబ్బుతో కుదేలైన ట్రామ్ కండక్టరుకి ముందు ఆ గ్రంథి చాలడం లేదనుకుని వేరేవాళ్లది అతికించాడట. గుణం కనపడలేదు. మెడ కోసి గడ్డ తీసేశాకే నొప్పులు తగ్గాయి. వందేళ్ల కిందటే తెలిసిన సంగతిరా! మనవాళ్లకి ఒక్క రక్తపరీక్ష రాయడానికి ఏమైంది? తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

స్కాన్‌లో ఎడమవైపు కింది గ్రంథి దొరికింది. నూటికి ఒక్కరికంటే తక్కువమందికి ఆ గ్రంథిలోనే క్యాన్సర్ ఉంటుందని, తీసి పరీక్షిస్తే గానీ చెప్పలేమని సర్జన్ అన్నారు. మళ్లీ టెన్షన్. ఆపరేషన్ అయిన రెండో రాత్రి పెదాలు తిమ్మిరెక్కి వేళ్లు కొంకర్లు పోయాయి. తొలకరికి బీడు నేల నీళ్లు పీల్చినట్టు ఎముకలు రక్తంలోని కాల్షియాన్నంతా లాగేసుకుంటున్నాయట. తెల్లవార్లూ సెలైన్లో కాల్షియం ఎక్కించారు. ఐసీయూ బయట మన తొమ్మిదో నంబరు బస్సు గుర్తొచ్చి ఏడుపులో నవ్వొచ్చింది. నీకు తెలుసుగా.

రిపోర్టు వచ్చింది, మామూలు అడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ! మొన్నటి ఎక్స్‌రేలో చెయ్యి అతుక్కుంది, తొడలో గుల్ల దానంతటదే పూడుతోంది, ఎవరూ ముట్టుకోకుండానే. "చింతకాయల దొంగకి రాశావా?" అని అక్క రోజూ అడుగుతుంది.

ఒరేయ్, మీ పిన్నికి రాళ్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయన్నావు కదా? రేపే కాల్షియం చూపించు. ఎక్కువుంటే పీటీహెచ్, అదే ఆ పారాథైరాయిడ్లు వదిలే హార్మోన్, ఆ పరీక్ష కూడా అడుగు. వాయిదా వెయ్యకు.

బి షిఫ్టు బస్సు హారన్ కొడుతున్నాడు. దవడ సంగతి ఇంకా చెప్పనేలేదు, పళ్ల డాక్టరు ఏమన్నాడంటే... మళ్లీ రాస్తా.

నీ
రాజు