మీ టీమ్‌లో తప్పులే లేవంటే నాకు భయమేస్తోంది చిన్నీ

చిన్నీ,

పండక్కి వచ్చి వెళ్ళి పది రోజులైంది. ఈ మాట ఫోన్‌లో చెప్దామని రెండుసార్లు అనుకున్నాను. నువ్వేమో హడావిడిలో ఉంటావు, నేనేమో మధ్యలో ఇంకో మాటలోకి వెళ్ళిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

కనుమ నాడు మధ్యాహ్నం నువ్వు మేడ మెట్ల మీద కూర్చుని ఆఫీసు ఫోన్ మాట్లాడుతున్నావు. ఆరేసిన బట్టలు తీద్దామని వస్తూ కింద మెట్టు మీదే ఆగిపోయాను. "ఇంత చిన్న విషయం కూడా చూసుకోలేవా? దాన్ని ముట్టుకోమని నీకెవరు చెప్పారు?" అన్నావు. అవతల ఎవరో కొత్తగా చేరిన అబ్బాయి. నువ్వేమీ అరవలేదు. కానీ ఆ కాల్‌లో ఇంకా నలుగురు ఉన్నారని తర్వాత నువ్వే చెప్పావు. ఆ రాత్రి భోజనాల దగ్గర, "నేను టీమ్ లీడ్ అయ్యాక ఈ మూడు నెలల్లో వచ్చిన తప్పు ఇదొక్కటే నాన్నా. అంతకుముందు వారానికి రెండు మూడు వచ్చేవి" అన్నావు. మీ నాన్న మురిసిపోయారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

ఎందుకో చెప్పాలంటే నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. మీ నాన్నకి కూడా తెలీదు.

1990లో, నేను నర్సుగా ఉద్యోగంలో చేరి ఏడాది అయివుంటుంది. మగవాళ్ళ మెడికల్ వార్డులో 11వ బెడ్డు ఇంజెక్షన్ 14వ బెడ్డు ఆయనకి వేసేశాను. అది బలానికిచ్చే ఇంజెక్షన్ కాబట్టి ఏమీ కాలేదు. వెంటనే వెళ్ళి మా హెడ్ సిస్టర్‌కి చెప్పాను. ఆవిడ ట్రే బల్ల మీద దబ్బున పెట్టి, పేషెంట్లు, వాళ్ళ చుట్టాలు, ఆయాలు అందరూ వింటుండగా, "నంబర్లు చదవడం కూడా రానిదాన్ని వార్డుకెలా పంపారు?" అంది. 14వ బెడ్డు ఆయన భార్య ఆ తర్వాత నన్ను మాత్ర కూడా ఇవ్వనివ్వలేదు.

ఆర్నెల్ల తర్వాత ఒక నైట్ డ్యూటీ. నలభై మందికి నేనొక్కదాన్నే. గుండెజబ్బుతో చేరిన ఒక తాతగారికి సెలైన్ చుక్కచుక్కగా, రాత్రంతా వెళ్ళేలా పెట్టాను. ఎక్కడో వదులైంది. రెండు గంటల తర్వాత వచ్చి చూస్తే సీసా ఖాళీ. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి సెలైన్ అంత తొందరగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అప్పుడు చెయ్యాల్సిందల్లా పరిగెత్తుకెళ్ళి డ్యూటీ డాక్టర్‌ని లేపడమే. నేను ఆ సీసా కింద నిలబడి, పొద్దున్న సిస్టర్ ఏమంటుందో అని ఆలోచించాను. ఖాళీ సీసా తీసేసి, కొత్తది నెమ్మదిగా పెట్టి, చార్టులో వేరే టైము రాశాను.

తెల్లవారుజామున నాలుగింటికి ఆయనకి ఆయాసం అందుకుంది. పడుకోలేకపోతున్నారు, మాట రావట్లేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. డాక్టరు వచ్చి ఆక్సిజన్ పెట్టి, ఒంట్లో నీరు లాగేసే లేసిక్స్ మందు ఇచ్చి గట్టెక్కించారు. "ఉన్నట్టుండి ఎందుకిలా అయింది సిస్టర్?" అని అడిగారు. తెలీదన్నాను. వారం తర్వాత ఇంటికెళ్తూ ఆ తాతగారు వాళ్ళ పెరటి నిమ్మకాయలు నాలుగు నా చేతిలో పెట్టి, ఆ రాత్రి నువ్వు లేకపోతే నేను లేనమ్మా అన్నారు. తీసుకున్నాను.

మా హెడ్ సిస్టర్ చెడ్డ మనిషి కాదు తల్లీ. అందరికంటే ముందు వచ్చి, అందరి తర్వాత వెళ్ళేది. తన వార్డులో పొరపాటు జరక్కూడదనే ఆవిడ తాపత్రయమంతా. ఆవిడ రికార్డుల్లో కూడా తప్పులు చాలా తక్కువే ఉండేవి. నువ్వు భోజనాల దగ్గర ఆ మాట అన్నప్పుడు నాకు ఆ రిజిస్టరే కళ్ళ ముందు కనిపించింది.

చాలా ఏళ్ళ తర్వాత, నేను ఇన్‌ఛార్జ్ అయ్యాక, ఒక ట్రైనింగ్‌లో ఒక డాక్టరమ్మ అమెరికా సంగతి చెప్పింది. ఎమీ ఎడ్మండ్‌సన్ అని, హార్వర్డ్‌లో ప్రొఫెసరు. 1990లలో ఆవిడ ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించింది. కలిసికట్టుగా పనిచేసే వార్డుల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుంది. లెక్క చూస్తే తిరగబడింది. మంచి వార్డుల్లోనే తప్పులు ఎక్కువ కనిపించాయి. ఆరా తీస్తే తెలిసిందేమిటంటే, ఆ వార్డుల్లో జరిగింది జరిగినట్టు పైకి చెప్తున్నారు, మిగతా చోట్ల దాస్తున్నారు. 1999లో ఆవిడ రాసిన పరిశోధన పత్రంతోనే సైకలాజికల్ సేఫ్టీ అన్న మాట అందరికీ తెలిసింది. పక్కవాళ్ళ ముందు చులకనవుతానన్న భయం లేకుండా "నాకు తెలీదు", "నేను తప్పు చేశాను", "మీరు చెప్పింది సరికాదేమో" అనగలగడం. అంతే దాని అర్థం. ఆ హాల్లో వందమంది ఉన్నారు. నాకు ఆ నిమ్మకాయలు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

అదే ఏడాది మా వార్డులో ఒక కొత్త పిల్ల రాత్రి పదింటికి వణుకుతూ నా దగ్గరికి వచ్చింది. ఇన్సులిన్‌లో మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే సీసాలు వేరు, 100 యూనిట్లుండే సీసాలు వేరు. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ రంగు మూత సిరంజి. మా స్టాకంతా 40దే. ఒక పేషెంటు బయట నుంచి 100 సీసా తెచ్చుకున్నాడు. ఈ పిల్ల ఎర్ర మూత సిరంజితోనే 20 గీత దాకా లాగి వేసేసింది. అంటే 20 యూనిట్లు వెళ్ళాల్సిన చోట 50 వెళ్ళాయి. మూత చెత్తబుట్టలో వేస్తూ రంగు చూసి గుర్తుపట్టింది. పది నిమిషాల్లో నా ముందు ఉంది.

నాకూ నోటి దాకా వచ్చింది చిన్నీ. ఆపుకున్నాను. "చెప్పి మంచి పని చేశావు, ముందు గ్లూకోజ్ పట్టుకురా" అన్నాను. డాక్టర్‌ని పిలిచాం. తెల్లారేదాకా మళ్ళీ మళ్ళీ షుగర్ చూస్తూ ఇద్దరం ఆ మంచం దగ్గరే ఉన్నాం. పొద్దున్న ఆయన లేచి కాఫీ అడిగాడు. ఆ తర్వాత బయట నుంచి తెచ్చిన సీసాలకి వేరే ట్రే పెట్టి, సీసా, సిరంజి రెండూ ఇంకొకరికి చూపించాకే వెయ్యాలని రూలు పెట్టాం. ఆ పిల్ల నోరు విప్పకపోతే ఆ మనిషి నిద్రలోనే పోయేవాడు. మాకు ఆ ట్రే అవసరమని కూడా తెలిసేది కాదు.

మీది సాఫ్ట్‌వేర్, ప్రాణాల మీదికి రాదు కదా అంటావేమో. గూగుల్ వాళ్ళు సొంతంగా 180 టీములను పరిశీలిస్తే, బాగా పనిచేసే టీముల్లో అన్నిటికంటే ముందు కనిపించింది ఈ సైకలాజికల్ సేఫ్టీయేనని అల్లుడే నాకు చెప్పాడు. అయినా ప్రాణాల మీదికి రాదని ఎందుకనుకోవాలి? మీ టీమ్‌లోని పిల్లలు రాత్రి పదకొండుదాకా పనిచేస్తున్నారని నువ్వే అన్నావు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్క తేల్చాయి. "నా వల్ల కావట్లేదు మేడం" అని వాళ్ళు నీతో అనలేకపోతే ఆ గంటలు ఎలా తగ్గుతాయి? ఆదివారం సాయంత్రమే గుండె దడ మొదలయ్యేవాళ్ళు, నిద్రపట్టనివాళ్ళు నీ టీమ్‌లోనూ ఉండే ఉంటారు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడ్డానికి ప్రభుత్వం వాళ్ళు పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు అందరికీ ఇవ్వు. కానీ నీ వల్లే టెన్షన్ పడేవాళ్ళకి నంబరు ఇచ్చి ఊరుకుంటే సరిపోదమ్మా.

అన్నీ వదిలెయ్యమనట్లేదు. ఎన్నిసార్లు చెప్పినా పేరు అడక్కుండా మందులిచ్చిన ఒకమ్మాయికి నేనే మెమో ఇచ్చాను. గదిలోకి పిలిచి, తలుపు వేసి ఇచ్చాను. పని విషయంలో గట్టిగా ఉండు. చెప్పడానికి వచ్చినవాళ్ళ మీద మాత్రం విరుచుకుపడకు. నీకూ పైనుంచి ఒత్తిడి ఉందని తెలుసు. నీ పైవాళ్ళతో నువ్వు "ఈ గడువు కుదరదు" అనలేకపోతున్నావనీ తెలుసు. ఆ భయమే మెట్లు దిగి ఆ అబ్బాయి దాకా వచ్చిందేమో ఆలోచించు.

రేపు ఆ అబ్బాయిని పిలిచి, కనుమ నాడు అలా అనుండకూడదని చెప్పు. ఆ నలుగురి ముందే అన్నావు కాబట్టి ఆ నలుగురి ముందే చెప్పు. వచ్చే మీటింగ్‌లో ముందు నీ పొరపాటు ఒకటి నువ్వే చెప్పి చూడు. మొదటి వారం ఎవరూ నోరు మెదపరు. మా వార్డులో నెల పట్టింది.

ఆ అబ్బాయి ఏమన్నాడో నాకు చెప్పు. ఎంత రాత్రయినా పర్వాలేదు, ఫోన్ చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

అమ్మ