దీవి సరే, చేరే వేళ మాటేమిటి?

సంపాదకుల వారికి,

మాల్దీవుల గురించి పర్యాటక పేజీల్లో వచ్చే వ్యాసాల్లో నీటి రంగు, నీళ్ల మీద కట్టిన విల్లాలు, ఒక రాత్రి అద్దె తప్పకుండా ఉంటాయి. దీవికి చేరే సంగతి మాత్రం ‘విమానాశ్రయం నుంచి సీప్లేన్‌లో 40 నిమిషాలు’ అనే ఒక్క ముక్కతో ముగుస్తుంది. అసలు చిక్కంతా ఆ ముక్కలోనే ఉంది. 1972లో కురుంబా అనే రిసార్టుతో మొదలైన ‘దీవికి ఒకే రిసార్టు’ పద్ధతిలో పక్క వీధిలో ఇంకో హోటలు ఉండదు, అసలు వీధే ఉండదు. నచ్చకపోతే లేచి వచ్చేయడానికీ వాళ్ల పడవే కావాలి. అందుకని ఏ బేరమైనా, ఏ సందేహమైనా డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

సీప్లేన్లుగా అక్కడ తిరిగేవి ఎక్కువగా ట్విన్ ఆటర్ రకం చిన్న విమానాలు. పదిహేను మంది పడతారు. నీటి మీద దిగాలంటే అలలు, పగడపు దిబ్బలు, పడవలు పైలట్ కంటికి కనబడాలి కాబట్టి పగటిపూటే నడుపుతారు. భూమధ్యరేఖకు దగ్గర కావడంతో అక్కడ ఏడాది పొడవునా సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. దాంతో మాలే విమానాశ్రయంలో మధ్యాహ్నం 3.30 దాటాక దిగేవారికి ఆ రోజు సీప్లేన్ అందడం కష్టం. టికెట్ చవగ్గా వచ్చిందని సాయంత్రం దిగే విమానం ఎక్కితే ఆ రాత్రి రాజధాని మాలేలోనో విమానాశ్రయం పక్కనున్న హుల్హుమాలేలోనో గది వెతుక్కోవాలి, రిసార్టుకు ఆ రాత్రికి కట్టిన అద్దె సాధారణంగా తిరిగి రాదు. తిరుగు ప్రయాణంలోనూ అదే లెక్క. తెల్లవారుజామున బయలుదేరే అంతర్జాతీయ విమానం పట్టుకోవాలంటే ముందురోజే దీవి వదలాలి.

సీప్లేన్‌కు ఫలానా గంట అని బుకింగ్ రోజున ఎవరూ చెప్పరు. వేళ ఖరారయ్యేది చాలాసార్లు ముందురోజు సాయంత్రమే. ఒకే విమానం రెండు మూడు దీవుల దగ్గర ఆగుతూ పోతుంది. నైరుతి రుతుపవనాల్లో నీరు అల్లకల్లోలంగా ఉంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది. 40 నిమిషాల ప్రయాణానికి రెండు మూడు గంటలు టెర్మినల్‌లో కూర్చోవాల్సి రావచ్చు. సామాను సాధారణంగా మనిషికి 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు. మించితే అదనపు రుసుము. విమానం మొత్తం బరువు కుదరకపోతే పెట్టె తరువాతి విమానంలో వస్తుంది. మందులు, ఈత దుస్తులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే ఉండాలి.

రాత్రి దిగేవారు మాలే చుట్టుపక్కల ఉన్న ఉత్తర, దక్షిణ మాలే అటాల్‌లలోని (అటాల్ అంటే ఉంగరం ఆకారంలో ఉండే పగడపు దీవుల గుంపు) దీవులు ఎంచుకుంటే స్పీడ్‌బోట్ ఉంటుంది, దానికి చీకటితో పేచీ లేదు. గర్భిణులు, నడుం నొప్పి ఉన్నవారు బోటు ముందు భాగంలో కూర్చోకూడదు. అల మీద పడే దెబ్బంతా అక్కడే. బాగా దక్షిణాన ఉన్న దీవులకైతే రన్‌వే ఉన్న గన్ దీవి లాంటి చోటికి దేశీయ విమానంలో వెళ్లి, అక్కడి నుంచి బోటు ఎక్కాలి.

ఇక డబ్బు. అద్దె పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే అసలు ధర ఇంకా మొదలు కాలేదనే అర్థం. రాత్రికి 500 డాలర్ల గది అనుకుందాం. సర్వీస్ చార్జి 10 శాతంతో 550. దాని మీద పర్యాటక జీఎస్టీ, 2025 జులై నుంచి 17 శాతం, కలిపితే 643.50. రిసార్టుల్లో గ్రీన్ ట్యాక్స్ 2025 జనవరి నుంచి మనిషికి రాత్రికి 12 డాలర్లు. ఇద్దరికి 24 కలిపితే 667.50. నాలుగు రాత్రులకు 2,000 అనుకున్నది 2,670 అవుతుంది. సీప్లేన్ రానుపోను మనిషికి సుమారు 400 నుంచి 600 డాలర్లు, అది విడిగా. హాఫ్ బోర్డు (ఉదయం ఫలహారం, రాత్రి భోజనం మాత్రమే అద్దెలో కలిసిన ప్యాకేజీ) తీసుకుంటే మధ్యాహ్న భోజనమే కాదు, చాలాచోట్ల తాగే సీసా నీళ్లూ బిల్లులోకి ఎక్కుతాయి. మెనూలో 30 డాలర్లన్న వంటకం బిల్లులో 38.61. కాబట్టి అడగాల్సింది గది అద్దె కాదు. అన్ని పన్నులు, రవాణా, భోజనం కలిపి మొత్తం ఎంతో ఒక్క అంకె ఈమెయిల్‌లో రాయించుకోవాలి. శాకాహారులైతే ఆ సంగతీ అందులోనే చెప్పాలి. సరుకంతా పడవల మీద రావాలి, అప్పటికప్పుడు కొని తెచ్చే వీలు లేదు.

గది ఎంపికలో ఫొటోను నమ్మడానికి లేదు. ఈ దీవుల్లో ఇసుక రుతుపవనాలతో పాటు కదులుతుంది. నైరుతి గాలులకు పడమటి ఒడ్డు ఇసుక తూర్పుకు, ఈశాన్య గాలులకు మళ్లీ వెనక్కి. జనవరిలో తీసిన ఫొటోలోని బీచ్ జులైలో మెట్ల కింద ఇసుక బస్తాలుగా మిగలొచ్చు. మీరు వెళ్లే నెలలో ఏ వైపు ఇసుక ఉంటుందో అడగండి. జనరేటర్లు, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు ఏ వైపున్నాయో కూడా అడగండి. ఏకాంతం కోసం అంత పెట్టి రాత్రంతా డీజిల్ ఇంజిన్ మోత వినడం ఎందుకు? ముఖానికి గాగుల్స్ పెట్టుకుని చేపలు చూడాలనుకునేవారు ఒడ్డు నుంచి పగడపు దిబ్బ అంచు ఎన్ని మీటర్లో కనుక్కోవాలి. 30 మీటర్లయితే మీరే ఈదుకుంటూ వెళ్లొచ్చు. 300 మీటర్లయితే రోజూ పడవ కావాలి. ఫొటోల్లో అందంగా కనిపించేది సాధారణంగా ఈ రెండో రకమే. నీటిలో దిగాక ముందు ప్రవాహానికి ఎదురుగా ఈదాలి, అలసిపోయాక అదే వెనక్కి తెస్తుంది. దిబ్బల మధ్య కాలువల దగ్గర ప్రవాహం బలంగా ఉంటుంది, ఈత వచ్చినవారికీ లైఫ్ జాకెట్ అవసరమే.

అన్ని దీవుల్లో డాక్టరు ఉండరు. రాత్రి సీప్లేన్ లేదు కనుక గుండె జబ్బు ఉన్నవారు మాలేకు బోటులో చేరగలిగే దీవి తీసుకోవడం మేలు. వరుసగా స్కూబా డైవింగ్ చేసినవారు చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచాలి.

మాల్దీవుల్లోకి ప్రవేశ ప్రకటనను అక్కడి ప్రభుత్వ ‘ఐముగా’ (IMUGA) పోర్టల్‌లో ప్రయాణానికి ముందు 96 గంటల్లోపు ఉచితంగా నింపాలి. డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. మద్యం, పంది మాంసం, ఈ-సిగరెట్లు, పూజా విగ్రహాలు వెంట తీసుకెళ్లకూడదు. పట్టుబడ్డ మద్యం సీసాకు కస్టమ్స్ వారు ఇచ్చే రసీదు జాగ్రత్త చేసుకుంటే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తారు. కొన్ని రిసార్టులు తమ గడియారాన్ని మాలే కంటే గంట ముందుకు నడుపుతాయి. ఫోన్‌లో మాలే సమయమే ఉంటుంది కాబట్టి తిరుగు సీప్లేన్ వేళ ఏ గడియారం ప్రకారమో రిసెప్షన్‌లో అడిగి రాసుకోవాలి.

— ప్రయాణ ఏర్పాట్లు చూసే ఒక పాఠకుడు